ఖలాసీ సైగ

భిలాయి సెక్టర్ 2లో గుసగుసలాడేవాళ్ళు లేరు. ఒకవేళ ఆడినా ఆ గుసగుసలు మూడో క్వార్టరుకి వినబడతాయి. ముప్పై ఏళ్ళు ఉక్కు మిల్లు మోతలో బతికిన మగవాళ్ళు, వాళ్ళతో కాపురాలు చేసిన ఆడవాళ్ళు. పక్కింటికెళ్ళి చిటికెడు ఇంగువ అడిగినా దండోరా వేసినట్టే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో తగువు జరుగుతోందనుకుని కిటికీలు మూసుకుంటారు. నెల తిరిగేసరికి వాళ్ళూ అలాగే అరుస్తుంటారు.

ఆ వీధిలోనే పుట్టిన రవికాంత్ మాత్రం మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నాడు. అతను బొంబాయిలో ఒక పెద్ద అడ్వర్టైజింగ్ కంపెనీలో డిజిటల్ విభాగానికంతటికీ పెద్ద. మనం ఫోనులో ఏదో చూసుకుంటుంటే మధ్యలో దూరి, మనకే తెలియని మన అవసరాన్ని గుర్తుచేసే ప్రకటనలుంటాయే, అవి ఎవరి ఫోనులోకి ఏ వేళకి రావాలో తేల్చే మనిషన్నమాట. ఆ మీటింగు గదుల్లో ఎంత మెల్లగా మాట్లాడితే అంత పెద్ద ఉద్యోగమని లెక్క. రవికాంత్ మాట వినాలంటే ఇప్పుడు ఎదుటివాళ్ళు ముందుకి వంగాల్సిందే.

శనివారం మధ్యాహ్నం రాయపూర్‌లో విమానం దిగి టాక్సీలో వస్తుంటే, సుపేలా దగ్గర ఆటోల గోలలో బండి ఆగింది. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో తన మొహం తనకే కనబడింది. 'భిలాయి ముద్దుబిడ్డ రవికాంత్ గారికి తెలుగు సంఘం ఘన సన్మానం. ఆదివారం ఉదయం పది గంటలకు.' ఫోటోలో చేతిలో గాజు బొమ్మ ఉంది. ఏడాదిలోకెల్లా మంచి ప్రకటనకి ఇచ్చే బహుమతి అది. చూడగానే లోపల కాస్త ఉబ్బింది. ఉబ్బదూ మరి! సొంత ఊరి స్తంభం మీద మొహం చూసుకోవాలని ఎవరికుండదు? పాపం, ఆ ఉబ్బు చెల్లెలింటి గుమ్మం దాటే దాకానే నిలిచింది.

చెల్లెలు సుచిత్ర బడిలో లెక్కలు చెబుతుంది. మొగుడికి ప్లాంటులో ఉద్యోగం. తల్లీతండ్రీ పోయాక భిలాయిలో రవికాంత్‌కి మిగిలిన ఇల్లు అదొక్కటే. చాయ్ చేతికిచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుందామె.

"భయ్యా, తాతబ్బాయి బాబాయి చెవి పాడైపోతంది. నీ యాడ్‌లో చెవి మిషను ఉంది చూడు, అదే పెట్టుకుంటన్నాడు ఎనిమిది నెలల్నుంచి."

రవికాంత్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఎవరిచ్చారు ఆయనకి?"

"ఎవరూ ఇవ్వలేదు. ఫోన్‌లో వచ్చింది, చూసి తెప్పించుకున్నాడు. మా రవిగాడు చేసిన యాడు అని వీధంతా చూపించాడు. నేనూ గ్రూపులో ఫార్వర్డ్ చేశాను, ఏం తెలుసు నాకు? ఇప్పుడు చెవిలోంచి చీము. సుపేలాలో డాక్టరు సాఫ్ చెప్పేశాడు, ఎడమ చెవి ఖతం, కుడి చెవిలో మిగిలిందైనా ఉండాలంటే ఈ మిషను తీసి పారెయ్యమని. పిన్ని ఏడుస్తంది. ఆయన తియ్యడు."

"ఎందుకు తియ్యడు?"

సుచిత్ర అన్నగారి మొహంలోకి చూసింది. "రవిగాడు మనోళ్ళకి చెడ్డది అంటగడతాడేటి అంటాడు. డాక్టరే పాగల్ అంటాడు. నువ్వు చెప్తేనే ఇంటాడు భయ్యా. ఈ రోజే చెప్పు."

చెప్పడం ఎంతసేపు? 'తీసెయ్ బాబాయ్' అంటే అయిపోతుంది. కానీ ఎందుకని ఆయన అడుగుతాడు. ఆ ఎందుకుకి జవాబు ఈ భూమ్మీద రవికాంత్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

తాతబ్బాయి రవికాంత్ తండ్రి సత్యారావుకి జట్టుమనిషి. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో వచ్చి ఒకే మిల్లులో చేరారు. తాతబ్బాయి ఖలాసీ. అంటే కింద నిలబడి, పైన తిరిగే క్రేను నడిపేవాడికి చేతులతో దారి చెప్పేవాడు. ఆ మోతలో నోటితో చెబితే ఎవడికి వినబడుతుంది? చూపుడు వేలు పైకి పెట్టి గిరగిరా తిప్పితే బరువు పైకెత్తమని. వేలు కిందికి పెట్టి తిప్పితే దించమని. రెండు చేతులూ చాచి అడ్డంగా ఊపితే ఉన్నపళంగా ఆపమని. చెవుల్లో పెట్టుకోమని బిరడాలిస్తే జేబులో వేసుకునేవాడు, క్రేను గంట వినబడదని. గంట బాగానే వినబడింది కానీ, రిటైరయ్యేసరికి మిగతావన్నీ వినబడడం తగ్గింది.

ఇంట్లో కూడా ఆ సైగలే. టీవీ గట్టిగా పెట్టమనాలంటే వేలు పైకి పెట్టి తిప్పుతాడు. అన్నం చాలంటే రెండు చేతులూ ఊపుతాడు. భార్య పోలమ్మకీ అవన్నీ వచ్చు. రవికాంత్ చిన్నప్పుడు వాళ్ళ గుమ్మంలో నిలబడి వేలు పైకి పెట్టి తిప్పేవాడు. తాతబ్బాయి వచ్చి భుజాల మీదికి ఎత్తుకునేవాడు.

చెముడని ఒప్పుకోడు మహానుభావుడు. "నా సెవి బాగానే ఉంది, ఈ టీవీవోడే గొంతులో గొంతు దాసుకుని మాటాడతన్నాడు" అంటాడు.

ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. రవికాంత్‌కి మాత్రం ఇంటిగుట్టు ప్రమోషన్ తెచ్చింది. ఏడాదిన్నర కిందట చెవి మిషన్లమ్మే ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. అప్పటికి రెండేళ్ళుగా పెద్ద కంపెనీల పనులన్నీ కుర్రవాళ్ళు ఎగరేసుకుపోతున్నారు, అతని కుర్చీ కదులుతోంది. ఆ గదిలో పదకొండు మంది ముందు రవికాంత్ లేచి నిలబడి తాతబ్బాయిని ఆడి చూపించాడు. ఆ నడక, మెడ పక్కకి వాల్చడం, 'భోంచేశావా' అంటే 'బస్సు రాలేదు' అని జవాబివ్వడం, వేలు పైకి పెట్టి గిరగిరా తిప్పడం. గది గదంతా పగలబడి నవ్వింది. అప్పుడతను మెల్లగా అన్నాడు: "ముసలివాళ్ళకి చెవుడుందని చెప్పకండి, కొనరు. తప్పు లోకానిదని చెప్పండి."

అలా పుట్టింది ఆ ప్రకటన. ఒక ముసలాయన వేలు పైకి పెట్టి తిప్పుతాడు, లోకమంతా గట్టిగా వినబడుతుంది. 'కాన్ తో ఠీక్ హై, దునియా ధీరే బోల్తీ హై.' మీ చెవి బాగానే ఉంది, లోకమే మెల్లగా మాట్లాడుతోందని.

అక్కడితో ఆగినా బాగుండేది. కంపెనీ సలహాకి పెట్టుకున్న చెవి డాక్టరు ఒక ఉత్తరం రాశాడు. ఈ మిషను చిన్న చప్పుడునీ పెద్ద చప్పుడునీ ఒక్కలాగే పెంచేస్తుంది, ఎక్కడా అడ్డు లేదు, ముందే దెబ్బతిన్న చెవిని పూర్తిగా తీసేస్తుంది, 'డాక్టరుకి చూపించుకున్నాకే వాడండి' అన్న మాట మాత్రం ప్రకటనలోంచి తీయొద్దని. రవికాంత్ వాళ్ళ పనిలో ఒకే ప్రకటనని రెండు రకాలుగా చేసి, కొన్ని వేల ఫోన్లకి ఒక రకం, కొన్ని వేల ఫోన్లకి ఇంకో రకం పంపి చూస్తారు. దేన్ని జనం ఎక్కువ నొక్కితే అది ఉంటుంది. డాక్టరు మాట ఉన్నదానికంటే లేనిదాన్ని రెట్టింపు మంది నొక్కారు. రవికాంత్ ఉత్తరం చదివాడు. 'చూశాను' అని ఒక్క ముక్క జవాబు కొట్టి, లేనిదాన్నే ఉంచాడు.

తర్వాత ఎవరికి చూపించాలో ఎంచాలి. అరవై దాటిన మగవాళ్ళు, ఉక్కు ఊళ్ళు. పిన్‌కోడు అడిగిన చోట అతని వేళ్ళు మొదట కొట్టింది భిలాయిదే. చిన్నప్పుడు తండ్రి ఇన్‌లాండు ఉత్తరాల వెనక తన చేత రాయించిన నంబరు కదా, వెతుక్కోనక్కర్లేకపోయింది. దాని అవతల మనుషులున్నారని అప్పుడు తట్టలేదు. తట్టలేదని తనకి తాను చెప్పుకుంటూ వచ్చాడు, అది నిజమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సాయంత్రం తాతబ్బాయి క్వార్టరుకి వెళ్ళాడు. పోలమ్మ చూసి వాకిట్లోంచే కేకేసింది.

"వొచ్చినావా నాయినా! సుచిత్ర సెప్పిందేటి? నువ్వైనా సెప్పు ఆ మడిసికి. తలగడంతా సీమే!"

తాతబ్బాయి నవారు మంచం మీంచి లేచి రెండు చేతులతోనూ అతని మొహం పట్టుకున్నాడు. కుడి చెవిలో ఆ మిషను. దాని అంచున దూది. దగ్గరగా వస్తే వాసన.

"ఏటిరా సిక్కిపోయినావు! బొంబాయిలో కూడు లేదేటి? కూకో. పోలీ, ఫోన్లో ఆ బొమ్మెయ్యి, ఈడిదే!"

"చూశాను బాబాయ్" అన్నాడు రవికాంత్.

"ఏటి?"

"చూశాను!"

"ఆఁ, రైలు లేటు. ఎప్పుడూ అంతే."

ఆ మాటకి బొంబాయి గదిలో నవ్విన పదకొండు నోళ్ళూ రవికాంత్ చెవుల్లో ఒక్కసారి తెరుచుకున్నాయి. 

"నీకో సంగతి సెప్పనా?" తాతబ్బాయి మంచం మీద జరిగి చోటిచ్చాడు. "ఆ బొమ్మలో ముసిలోడు ఏలు తిప్పుతాడు సూడు, అది నా సైగే. నన్ను సూసే తీసినావు, అవునా? సూడగానే పోల్చీసినాను. మన గుంటడు ఎంత పెద్దోడైనా మనల్ని మరిసిపోలేదే అని మీ పిన్నితో అన్నాను. ఆ రాత్రి నాకు నిద్దర పట్టలేదనుకో."

పోలమ్మ తలుపు దగ్గర నిలబడి రవికాంత్ వైపే చూస్తోంది, ఇప్పుడు చెప్పు అన్నట్టు. రవికాంత్ నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

"బాబాయ్! ఈ మిషను పాతదైపోయింది! నాకిచ్చెయ్, బొంబాయి నుంచి కొత్తది పంపిస్తా!"

పుట్టుకతో వచ్చిన విద్య కాదు గానీ, ఇరవై ఏళ్ళు అదే పని చేసినవాడికి అబద్ధం కూడా అమ్మకానికి పెట్టిన సరుకులాగే నున్నగా వస్తుంది. తాతబ్బాయి రెండు చేతులూ ఊపాడు.

"ఇప్పుడా? ఇప్పుడొద్దు. రేపు నీ మాటలు ఇనాల. సత్తిగాడు ఉంటే ఆడు ఇనీవోడు. ఆడు లేడు గదా, నానైనా ఇనాల గదేటి. సబయ్యాక పట్టికెల్లు."

సత్తిగాడంటే రవికాంత్ తండ్రి. ఆ పేరు వినగానే రవికాంత్‌కి తల కొట్టేసినట్టయింది. సరేనని తల ఊపి, పోలమ్మ మొహం చూడలేక చెప్పులేసుకున్నాడు. ఇంటికొచ్చాక సుచిత్ర అడిగింది. "రేపు సభ కాగానే ఇచ్చేస్తానన్నాడు" అన్నాడు. "ఎందుకో చెప్పావా?" అంది. అతను స్నానానికెళ్ళాడు.

మర్నాడు పదింటికి సంఘం హాలు నిండిపోయింది. వేదికకి అటూ ఇటూ నిలువెత్తు స్పీకరు పెట్టెలు. ముందు వరసలో, కుడివైపు పెట్టెకి నాలుగడుగుల దూరంలో తాతబ్బాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. దగ్గరైతే బాగా వినబడుతుందని ఎనిమిదింటికే వచ్చి పట్టుకున్న కుర్చీ అది. పక్కన పోలమ్మ, సుచిత్ర.

సంఘం కార్యదర్శి నరసింగరావు మైకు పుచ్చుకున్నాడు. ఆయనకి మైకంటే ఎంత ప్రేమో మైకుకి ఆయనంటే అంత మంట. నోరు తెరవగానే అది కీచుమని అరిచింది. హాల్లో చెవులు బాగున్నవాళ్ళే తలలు పట్టుకున్నారు. తాతబ్బాయి కుర్చీలో ఎగిరిపడ్డాడు. కుడి చెవి మీదికి చెయ్యి వెళ్ళింది. వెళ్ళి, వేదిక మీది రవికాంత్‌ని చూసి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది. పళ్ళు బిగబట్టి నవ్వాడు.

"మన రవికాంత్ గారు మన పెద్దల కోసం ఏం చేశారో మీకందరికీ తెలుసు!" నరసింగరావు అరుస్తున్నాడు. "ఆయన గౌరవార్థం ఉగాదినాడు మన సంఘం తరఫున పెద్దలకి ఆ చెవి మిషన్లు పంచాం! అందుకున్నవాళ్ళు చేతులెత్తండి!"

ఇది రవికాంత్‌కి తెలియదు. చేతులు లేచాయి. ముందు వరసలో రెండు. మధ్యలో నాలుగైదు. వెనక గోడవారన ఒక గుంపు. వాళ్ళలో తన తండ్రితో షిఫ్టుకి సైకిలు మీద వెళ్ళిన రాజాబాబు ఉన్నాడు. అందరూ చేతులెత్తి అతన్ని చూసి నవ్వుతున్నారు, బిడ్డ పెళ్ళిలో నవ్వినట్టు. రవికాంత్ లెక్కపెట్టబోయి మానేశాడు. సొంత ఊరి చెవులే కోశాడు, పైగా దానికి శాలువా.

శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. అది మళ్ళీ కీచుమంది. తాతబ్బాయి ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఈసారి చెయ్యి పైకి కూడా రాలేదు, కుర్చీ అంచు పట్టుకుంది. చెవి కింద చొక్కా కాలరు మీద పచ్చగా ఒక చుక్క దిగింది. అయినా కళ్ళు రవికాంత్ పెదాల మీదే ఉన్నాయి.

రవికాంత్ మైకు కింద పెట్టేశాడు. స్పీకర్ల తీగ లాగెయ్యమని పక్కనున్నవాడితో చెప్పి, మెట్లు దిగి, శాలువాతోనే వెళ్ళి తాతబ్బాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చాచి అడ్డంగా ఊపాడు. ఆపు. తర్వాత చెవి వైపు చూపించాడు.

తాతబ్బాయి అయోమయంగా భార్య వైపు చూశాడు. ఖలాసీకి ఆ సైగ వస్తే ఎందుకని అడిగే అలవాటు లేదు, ముందు ఆపుతాడు. మిషను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇక పెట్టుకోకు బాబాయ్" అన్నాడు రవికాంత్. బొంబాయి గొంతు. మెల్లగా వచ్చింది.

"ఏటి?"

"ఇక పెట్టుకోవద్దు!"

"ఎందుకు?"

 ఇప్పుడు ఆయన చెవిలో మాత్రమే పడేలా చెప్పడానికి దారి లేదు. రహస్యాలు చెప్పుకోడానికి ఒక చెవి ఉండాలి కదా. దాన్నే అతను తీసేశాడు.

"అది మంచిది కాదు బాబాయ్! చెవి పాడుచేస్తుంది!"

"ఇనబళ్ళేదు. గట్టిగా సెప్పరా!"

 ఇరవై ఏళ్ళుగా అణిచిపెట్టిన వీధి గొంతు ఒక్కసారి బయటికొచ్చింది.

"అది సెవులు తినేస్తాది బాబాయ్! డాక్టరు రాసినాడు నాకు! నాకు ముందే తెల్సు! డాక్టరుకి సూపించుకోమని ఒక మాటుండీది, ఆ మాట నానే తీసీసినాను! అది ఉంటే జనం కొనడం లేదని తీసీసినాను!"

హాల్లో ఒక కుర్చీ కిర్రుమంది. అంతే. సుచిత్ర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతబ్బాయికి ఈసారి అందింది. మొహంలో ఆ నవ్వు వెంటనే పోలేదు, పోవడానికి దారి తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది.

"ముందే తెల్సా?" అన్నాడు.

"తెల్సు!"

"మరి నా సైగ... నన్ను సూసే గదా తీసినావు?"

"నిన్ను సూసే బాబాయ్! నీలాగ ఆడి సూపించినాను! వాళ్ళు నవ్వినారు! నవ్వితేనే నాకా పని వొచ్చింది!"

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. అడక్కుండానే వచ్చింది. రవికాంత్ తల దించుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. సభలోంచి ఎవరైనా తిట్టినా బాగుండును.

తాతబ్బాయి అరచేతిలోని మిషను వైపు చూశాడు. దాన్ని అతని చేతికివ్వలేదు. పోలమ్మ ఒళ్ళో పెట్టాడు. కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచి, వెనక్కి తిరిగి హాలుని చూశాడు. గోడవారన రాజాబాబూ ఆ గుంపూ మెడలు పక్కకి వాల్చి, చేతులు చెవుల దగ్గర పెట్టుకుని, ఏమైందేమైందని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. మిషన్లు ఇంకా వాళ్ళ చెవుల్లోనే ఉన్నాయి.

తాతబ్బాయి వాళ్ళ వైపు రెండు చేతులూ చాచి అడ్డంగా ఊపి, తన చెవి చూపించాడు. మిల్లులో పనిచేసినవాళ్ళందరికీ ఆ సైగ తెలుసు. ఒక్కొక్కరే చెవుల్లోంచి మిషన్లు తీశారు. అందరూ తీసేదాకా ఆగి ఆయన రవికాంత్ వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం మెత్తదనం లేదు.

"ఆ ఎనకోళ్ళకి అందలేదు. మళ్ళీ సెప్పు."

రవికాంత్ లేచి నిలబడ్డాడు. మొదటి మాట మళ్ళీ బొంబాయి గొంతులో మెల్లగా వచ్చింది.

తాతబ్బాయి చూపుడు వేలు పైకి పెట్టి గిరగిరా తిప్పాడు.